మూడు ఇంటిపేర్ల నెత్తురు

మొన్న షుగరు పరీక్షకని దవాఖానకు పోతే, డాక్టరు దగ్గరికి పంపేముందు ఒక అమ్మాయి నన్ను కూర్చోబెట్టి వరసగా ప్రశ్నలు వేసింది. మీ ఇంట్లో ఎవరికైనా షుగరు ఉందా అని అడిగింది. "మా ఇంట్లో ఎవరికీ లేదమ్మా" అనేసి, అన్న మరుక్షణం నాలుక కరుచుకున్నాను. మా మేనమామకు షుగరుతోనే కాలు తీసేశారు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ జనాన్ని ఈ ప్రశ్నే అడిగి, ఈ జవాబే విని, తల పట్టుకున్న మనిషిని నేను. ఆ జవాబు నా చెవుల్లో అరిగిపోయేలా చెప్పిన ముసలమ్మ ఒకామె ఉండేది. ఆమె గుర్తొస్తే ఇప్పటికీ నాకు ముందు వచ్చేది కోపమే.

హైదరాబాదు స్టేటు పోయి ఆంధ్రప్రదేశ్ అయిన కొన్నేళ్ళకు నన్ను లక్సెట్టిపేటకు వేశారు. హెల్త్ విజిటరు అన్నది కాగితం మీది పేరు. ఊళ్ళో అందరికీ నర్సమ్మనే. ఇల్లిల్లూ తిరిగి కాన్పులు, టీకాలు, జ్వరాలు చూసుకోవాలి. ఏ ఇంట్లో ఏ జబ్బుందో, వెనక ఎవరికి ఉండేదో అడిగి తెలుసుకోవాలి. సాలెవాడలో ఆ ముసలమ్మ ఇంటి ముందుగది నాకు అద్దెకు దొరికింది. ఆమె భర్త ఎప్పుడో పోయాడు. కొడుకు భార్యను తీసుకుని భీవండికి పోయి అక్కడ నేతపని చేస్తున్నాడు. ఒక్కగానొక్క కూతుర్ని గోదావరి అవతల, జగిత్యాల దిక్కు ఒక ఊరికి ఇచ్చింది. ఈమె ఒక్కతే రాట్నం ముందేసుకుని, మగ్గాలవాళ్ళు ఇచ్చిన నూలును పొద్దంతా కండెలకు చుట్టేది.

ఏ ప్రశ్నకూ తిన్నగా జవాబు చెప్పిన పాపాన పోలేదు. అడిగినది నచ్చకపోతే రాట్నం జోరుగా తిప్పేది. ఆ చప్పుడులో నా మాట మునిగిపోయేది. నేను విసిగి ఊరుకున్నాక రాట్నం మెల్లగా తిరిగేది.

"అవ్వా, మీ ఆయన ఎట్ల పోయిండు?" అని ఒకసారి అడిగాను.

"పొద్దుగాల లేవలే."

"లేవకపోవుడేంది? ఏం బీమారుండె?"

"బీమారేం లేదు. లేస్తె ఉంటుండె గద."

ఇట్లా ఉండేది వరస. రాత్రంతా ఖళ్ళుఖళ్ళుమని దగ్గి, పొద్దున నేను మందు ఇవ్వబోతే "దగ్గు గాదు బిడ్డా, గొంతుల నూలు దుమ్ము" అనేది. క్షయ ఉందా, కుష్ఠు ఉందా, మూర్ఛ ఉందా అని నేను ఇంటివాళ్ళందరి గురించీ అడగబోతే, ఆ జబ్బు పేరు నా నోట్లోంచి పూర్తిగా బయటికి రాకముందే "గది మా ఇంట్ల లేదు" అని, పక్కకు తిరిగి తూతూ అని ఉమ్మేది. ఆమె ఒక్కతే కాదు, వాడంతా ఇదే పాట. సాలెవాడలో జబ్బులు లేవు, చావులు మాత్రం ఉన్నాయి. ఆ చావులన్నీ పొద్దున లేవకపోవడం వల్లనే జరిగేవి.

మరి ఏమీ తెలియని మనిషా అంటే, అదీ కాదు. అక్కడే ఒళ్ళు మండేది నాకు. వాడలో పెళ్ళి సంబంధం అనుకున్నారంటే ముందు ఆమె గడప తొక్కేవారు. పిల్ల ఎవరి మనుమరాలు, పిల్లవాడి తల్లి ఏ ఊరి ఆడపడుచు, రెండు ఇళ్ళకూ వరస కుదురుతుందా లేదా, అన్నీ కండె చేతిలోంచి దించకుండా చెప్పేది. తాత ముత్తాతల దాకా పోయేది. ఎవరు ఎవరికి ఏమవుతారో చెప్పేది గాని, వాళ్ళు ఎట్లా బతికారో, దేనితో చచ్చారో చెప్పేది కాదు. "సచ్చినోళ్ళ బీమార్లు మనకెందుకు బిడ్డా, వాళ్ళెంబడే పాయె" అనేది.

ఆ ఏడు వానాకాలం నడుమ కూతురు రెండో కాన్పుకు పుట్టింటికి వచ్చింది. వెంట ఆరేళ్ళ కొడుకు. బక్కగా, తెల్లగా ఉండేవాడు. వచ్చిన కొన్నాళ్ళకే గడప మీద బోర్లా పడి నాలుక కొరుక్కున్నాడు. పిల్లలన్నాక నాలుక కొరుక్కోరా, కాసేపటికి నెత్తురు ఆగిపోతుంది. వీడికి ఆగలేదు. ఆ రోజూ కారింది, మర్నాడూ కారింది. నేను నోట్లో గుడ్డ పెట్టి నొక్కి పట్టుకుని కూర్చుంటే గాని ఆగలేదు. అంగీ విప్పి చూస్తే ఒంటినిండా నల్లగా కమిలిన మచ్చలు. మా ట్రైనింగులో ఒక మేడమ్ చెప్పిన మాట మనసులో మెదిలింది. కొన్ని ఇళ్ళల్లో మగపిల్లలకు నెత్తురు గడ్డకట్టదని, అది తల్లి వైపు నుంచి వస్తుందని, తల్లికి మాత్రం ఏమీ కాదని. ముసలమ్మను అడిగాను, ఆమె కూతుర్ని అడిగాను. అటు తిరిగి, ఇటు తిరిగి, కనబడిన ప్రతిసారీ అడిగాను. మీ ఇంట్లో ఎవరికైనా ఇట్లా నెత్తురు ఆగకుండా కారిందా అని.

"మా ఇంట్ల లేదు" అంది ముసలమ్మ.

"మా ఇంట్ల ఎవ్వలకు లేదక్కా" అంది కూతురు.

సరే, నేనే ఎక్కువ ఆలోచిస్తున్నానేమో అనుకున్నాను.

భాద్రపదం చివర వాడి మోకాలు వాచింది. గుమ్మడికాయంత అయింది. ముట్టుకుంటే కాలుతోంది, ముట్టుకోనివ్వడు, పైగా జ్వరం. కబురు పోతే తండ్రీ, తండ్రి తల్లీ పడవ దాటి వచ్చారు. డాక్టరు సాబు చూసి లోపల చీము చేరిందన్నాడు. కోసి తీసేయకపోతే కీలు కుళ్ళి కాలు పోతుందన్నాడు. పాపం మంచివాడే, అడగవలసినదే అడిగాడు. ఇంట్లో ఎవరికైనా నెత్తురు ఆగని జబ్బుందా అని. వాళ్ళంతా లేదు లేదన్నారు. రేపు అమావాస్య, అది వెళ్ళాక ఎల్లుండి పొద్దున కోద్దామన్నాడు.

ఆ అమావాస్యే పెత్తరమాస. చనిపోయిన పెద్దల పేర్లు చెప్పి బియ్యమూ కూరగాయలూ దానమిస్తారు, వాళ్ళకని వండి ఆకులో పెడతారు. ముసలమ్మ పొద్దున్నే తానం చేసి భర్త పేరు, అత్తమామల పేర్లు, వాళ్ళ పెద్దల పేర్లు చెప్పి అయ్యగారికి బియ్యం ఇప్పించింది. అది అయిపోయాక, నేను చేయి కడుక్కుందామని పెరట్లోకి పోతే, గోడ వారగా ఇంకో ఆకు వేసి అన్నం పెడుతోంది. దొంగతనం చేస్తున్నట్టు అటూ ఇటూ చూస్తోంది.

"గిదెవ్వలకవ్వా?"

"మా తమ్ములకు. తల్లిగారింట్ల పెట్టెటోళ్ళు ఎవ్వలు మిగల్లే. ఇంట్ల పెడితే మా పెద్దలకు కోపమొస్తదని గీడ పెడుతున్న."

"చిన్నప్పుడే పోయిన్రా?"

"ఒగడు పోరడే. పన్నూడింది, పోయిండు. ఇంకొగడు లగ్గమైనంక, కాలికి తుమ్మముల్లు దిగింది."

చేయి కడగడం మాని దగ్గరికి పోయాను.

"పన్నూడితె సచ్చుడేందవ్వా?"

"నెత్తురు ఆగలే గద. చెంబులు చెంబులు పోయింది" అంది, ఆకు మీద వాలబోతున్న ఈగను తోలుతూ.

నేను ఏమన్నానో అక్షరం అక్షరం చెప్పలేను. అరిచానన్నది మాత్రం నిజం. నెల రోజులుగా మొత్తుకుంటున్నాను కదా, ఎన్నిసార్లు అడిగాను, ఎందుకు దాచావని ఇల్లెగిరిపోయేలా అరిచాను. ఆమె నాకేసి నిజంగానే వింతగా చూసింది.

"నేనేం దాస్తి బిడ్డా? నువ్వు మా ఇంట్ల అని అడిగితివి. వాళ్ళు మా ఇంటోళ్ళెట్లయితరు? వాళ్ళ ఇంటిపేరు వేరు, మాది వేరు. నా లగ్గమైనాడే నా గోత్రం మారె. మా తమ్ముడు సస్తె నాకు మైల గూడ మూడు దినాలే."

"ఇంటిపేరు మారితె నెత్తురు మారుతదా అవ్వా?"

"మారదా?" అంది. వెటకారం కాదు. నిజంగా అడిగింది.

అక్కడే పెరట్లో కూలబడ్డాను. ఎంత తెలివైన మనుషులు, ఎంత చక్కటి లెక్క. తమ్ముళ్ళది ఒక ఇంటిపేరు, ఈమెది ఒకటి, మనుమడిది ఇంకొకటి. జబ్బు దర్జాగా మూడు ఇళ్ళు మారి వచ్చి పిల్లవాడి మోకాట్లో కూర్చుంది. ఏ ఇంట్లో అడిగినా "మా ఇంట్ల లేదు" అన్నది నిజమే. అబద్ధం చెప్పినవాళ్ళు ఒక్కరు లేరు, పిల్లవాడు మాత్రం కత్తి కిందికి పోతున్నాడు.

ఉన్నపళంగా డాక్టరు ఇంటికి పోయాను. ఆయన తల గోక్కున్నాడు. "నీ మాట మీద ఆపితే, అది నిజంగా చీమే అయితే కాలు పోతది. నెత్తురే అయితే, కోస్తే పిల్లవాడే పోతడు. ఆమెనే తీసుకురా, నా ముందు చెప్పమను" అన్నాడు. ఇదెంత పని అనుకున్నాను. ఆమెతో చెబితే "సరే వస్త" అంది కూడా.

మర్నాడు దవాఖానలో పిల్లవాణ్ణి లోపల బల్ల మీద పడుకోబెట్టారు. అల్లుడూ, వియ్యపురాలూ గోడకు ఆనుకుని నిలబడ్డారు. కూతురు పెద్ద కడుపుతో బయట బెంచీ మీద ఉంది. డాక్టరు మర్యాదగానే అడిగాడు.

"అవ్వా, మీ తల్లిగారింట్ల ఎవరికన్న నెత్తురు ఆగకుండ పోయిందా?"

ఈసారి ప్రశ్నలో ఏ సందూ లేదు. ఆమె వియ్యపురాలి ముఖం చూసింది. బయట కూతురు కూర్చున్న దిక్కు చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "నాకెర్క లేదు సార్" అంది.

నా జన్మలో ఒక మనిషిని కొట్టాలనిపించింది అప్పుడే. ముసలిదని చూడకుండా జబ్బ పట్టుకుని వరండాలోకి ఈడ్చుకుపోయాను.

"నిన్న నాకు చెప్పినవ్ గదవ్వా. ఇయ్యాల ఎర్క లేదంటవా? పిల్లగాడు సస్తడు."

"జర మెల్లగనే బిడ్డా. గా ఎయ్యపురాలు ముందటనా చెప్పేది? నా బిడ్డను మళ్ళ ఇంట్లకు రానిస్తదా? పిండం చెడ్డదంటది. నువ్వే ఏదన్న చెప్పి కొయ్యనియ్యకు. నువ్వు సదువుకున్నవ్ గద."

అదీ ఆమె బాధ. నిన్నటిదాకా తెలియక చెప్పలేదు. ఇవాళ తెలిసింది గనకే చెప్పలేదు. నాకు ఒక పక్క జాలి, ఒక పక్క ఒళ్ళంతా మంట. నేను చెప్పినా డాక్టరు వినడని చెబితే, ఆమె వరండా స్తంభానికి ఆనుకుని కూర్చుంది. రాట్నం లేదు కాబట్టి ఉత్త చేయే గుండ్రంగా తిప్పుకుంటోంది. లోపల కత్తులు ఉడకబెట్టిన గిన్నె దించిన చప్పుడైంది. స్పిరిటు వాసన వచ్చింది. చల్లటి దూది మోకాలికి తగిలినట్టుంది, పిల్లవాడు "అమ్మమ్మా" అని పిలిచాడు. అమ్మను పిలవలేదు.

ముసలమ్మ లేచింది. ఆ వయసులో అంత విసురుగా లేవగలదని నేను అనుకోలేదు. లోపలికి పోయి డాక్టరు చేయి మణికట్టు దగ్గర పట్టేసుకుంది.

"కొయ్యకు సార్. నెత్తురు ఆగదు. మా తమ్ములిద్దరు గట్లనే పోయిన్రు. నా ముందటనే పోయిన్రు."

అని, వియ్యపురాలి వైపు తిరిగింది.

"గిది నాది వదినా. నా తల్లిగారింటిది. నా బిడ్డది గాదు. తిడితె నన్ను తిట్టుండ్రి."

వియ్యపురాలు గట్టి మనిషి. ఈమెను ఒక్క మాట అనలేదు. డాక్టరునే అడిగింది, ఈమెతోని ఆగిందా, కోడలి ఒంట్లె గూడ ఉన్నదా అని. ఆయన పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. తల్లి దిక్కు నుంచే వస్తది, ఆమెలో ఉంటేనే కొడుకుకు వచ్చింది అని. నిజమే చెప్పాడు. ఆ నిజం ఒక్క గడియ మింగి ఉంటే ఏం పోయేదని ఆయన మీద కూడా కోపం వచ్చింది నాకు. వియ్యపురాలు కొడుకు చేయి పట్టుకుని బయటికి నడిచింది. బెంచీ మీది కోడలి ముఖం చూడకుండానే రేవు దిక్కు పోయింది. అల్లుడు రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు, అంతే.

పిల్లవాడి కాలు కోయలేదు. చెక్కలు కట్టి, తడిగుడ్డలు వేసి, మంచం మీద కదలకుండా పడుకోబెట్టాం. దసరా, బతుకమ్మ, దీపావళి అన్నీ వాడు మంచం మీంచే చూశాడు. వాపు దిగింది. మోకాలు పూర్తిగా చాపుకోలేక కొంచెం కుంటేవాడు గాని, బతికాడు.

ఆమె నన్ను తిడుతుందనుకున్నాను, ఇల్లు ఖాళీ చేయమంటుందనుకున్నాను. అవేవీ చేయలేదు. అంతకంటే పెద్ద శిక్ష వేసింది. ప్రశ్నలు మొదలుపెట్టింది. నేను అన్నం ముందు కూర్చున్నా, బట్టలు ఉతుక్కుంటున్నా, రాట్నం ఆపి మరీ అడిగేది.

"నా ఒంట్లె ఉన్నదంటివి. మరి నేను పన్ను పీకించుకుంటి, నాకేం గాలేదు?"

"ఆడోళ్ళకు బయటికి రాదవ్వా."

"భీవండిల నా కొడుకున్నడు. మొగోడే గద. వానికెందుకు రాలే?"

"అందరికి రాదవ్వా. కొందరికి వస్తది, కొందరికి రాదు."

"ఎవ్వలకు రావాల్నో ఎవ్వలు చెప్తరు?"

"ఎవ్వలు చెప్పరు."

"గిదేం సదువే నీది" అని మళ్ళీ రాట్నం తిప్పేది. నాకు ట్రైనింగులో పెట్టిన పరీక్షలు ఇంత కష్టంగా లేవు. ఒక్క జవాబు కోసం ఆమె చుట్టూ అన్నాళ్ళు తిరిగిన నేను, ఆమె ప్రశ్నలకు భయపడి వంటింటి గుమ్మంలోంచి పోవడం మొదలుపెట్టాను.

కార్తీకం దాటాక ఒక మధ్యాహ్నం కూతురు నీళ్ళాడింది. కాన్పు నేనే చేశాను. ఆడపిల్ల. బొడ్డు కోసి, పిల్లను తుడిచి బయటికి తెచ్చి చూపిస్తూ, "ఆడిపిల్లనే అవ్వా, ఇగ ఫికర్ లేదు" అన్నాను. ఆమె పిల్లను ఒళ్ళోకి తీసుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆడపిల్ల పుట్టిందని ఒక ఇల్లు అంత సంతోషపడడం నేను ఆ వాడలో అంతకుముందు చూడలేదు.

కబురు అందాక అవతలివాళ్ళు కూడా మెత్తబడ్డారు. ఆడపిల్లకు ఆ జబ్బు రాదని వాళ్ళు ఎవరినో అడిగి తెలుసుకున్నారట. పిల్లకు మూడో నెల వచ్చాక బండి కట్టించుకుని అల్లుడూ, వియ్యపురాలూ తీసుకుపోవడానికి వచ్చారు. కూతురు ముఖం చూడాలి ఆ రోజు. పసుపు కుంకుమ పెట్టారు, చీర పెట్టారు. పిల్లవాణ్ణి బండిలో గడ్డి మీద మెత్తగా కూర్చోబెట్టారు. వియ్యపురాలు ఎక్కి మనుమరాలిని ఒళ్ళో పెట్టుకుంది. చేజారిన కాపురం చేతికొచ్చింది. ఇక బండి కదలడమే తరవాయి.

అప్పుడు ముసలమ్మ నా చెవి దగ్గరకొచ్చి అడిగింది.

"గీ పసిపిల్లకు రేపు కొడుకు పుడితె?"

నేను బండి వైపు చూస్తూ, ఊరుకోమన్నట్టు ఆమె చేయి నొక్కాను.

"చెప్పు బిడ్డా. నాకు గాలే, నా బిడ్డకు గాలే, గీ పోరనికి అయింది. దీని ఒంట్లె ఉన్నదా, లేదా?"

"ఉండొచ్చవ్వా, ఉండకపోవచ్చు. ఇప్పుడు తెల్వదు."

"ఎప్పుడు తెలుస్తది?"

"దానికి కొడుకు పుట్టినంకనే."

ఇన్నాళ్ళ మా చదువంతా కలిపి ఆమెకు ఇవ్వగలిగినది అదీ. ఆమె తల ఊపి, బండి దగ్గరికి పోయి పక్క కర్ర పట్టుకుంది. ఒద్దు, ఇప్పుడొద్దు అని నేను వెనక నుంచి కొంగు లాగుతూనే ఉన్నాను.

"బిడ్డా, గీ పిల్లకు లగ్గం కుదిరిన్నాడు, అవతలోళ్ళు అడగకున్న నువ్వే చెప్పాలె. నేనుండ గప్పటికి. పురుడొచ్చిన్నాడు దవాఖానల చెప్పాలె. కొడుకు పుడితె చెవులు కుట్టకముందే చెప్పాలె. వదినా, నువ్వు గూడ యాది పెట్టుకో."

కూతురు తెల్లబోయింది. వియ్యపురాలు ఒళ్ళోని పిల్లను చూసింది, చాలాసేపు చూసింది. దించేస్తుందనే అనుకున్నాను. ఆమె పిల్ల తల మీది గుడ్డ సర్ది, "ఏరు దాటాలె, పొద్దు గూకుతది, తోలు" అంది బండివాడితో.

బండి మలుపు తిరిగేదాకా ఆగి, నేను ముసలమ్మ మీద విరుచుకుపడ్డాను.

"అంత తొందరేమొచ్చిందవ్వా నీకు? పాణం పోయినంత పనైంది. జర బండి కదిలినంక చెప్పకపోయినవా?"

ఆమె నన్ను ఏమీ తెలియని పిల్లను చూసినట్టు చూసింది.

"బండి పోయినంక ఎవ్వలకు చెప్పాలె, నీకా? నీకెర్కే గద" అంది.